మూడు రోజులు, ముప్ఫై పుక్కిళ్లు

ఈ శీర్షిక చూసి, "ఏమిటీ, ఈవిడ ఈ వారం పంటినొప్పికి చిట్కా రాస్తోందా?" అని మీలో కొందరైనా అనుకుని వుంటారు. పంటినొప్పీ కాదు, గొంతునొప్పీ కాదు. నేను చెప్పబోయేది ద్రాక్షసారా సంగతి. మన పెద్దవాళ్లు అలా అనేవారు గాని ఇప్పుడందరూ వైను అంటున్నారు, నేనూ అలాగే అంటాను. కంగారుపడి పేజీ తిప్పేయకండి. చివరిదాకా చదివాక పిల్లల చేతికి ఇవ్వకూడనిది ఏదైనా ఇందులో వుందనిపిస్తే, అప్పుడు చెప్పండి.

మా అన్నయ్య కూతురు ఫ్రాన్సు దేశంలో స్ట్రాస్‌బర్గ్ అనే పట్నంలో ఉద్యోగం చేస్తున్నది. కిందటి సెప్టెంబరులో నేనూ మావారూ దాని దగ్గర పది రోజులుందామని వెళ్లాం. వెళ్లిన నాలుగో రోజున అది కాఫీ గ్లాసులు ముందు పెట్టి, "అత్తయ్యా, మంచి రోజుల్లో వచ్చావు. ద్రాక్షకోతలు జరుగుతున్నాయి. మూడు రోజులు సెలవు పెట్టాను. కొండవారగా వూళ్లన్నీ తిప్పి తీసుకొస్తాను. వూరూరా రుచి చూపిస్తారు" అన్నది.

"రుచి దేనిదే?" అన్నాను.

"వైనుది."

మావారు చేతిలో పుస్తకం మీంచి తల ఎత్తలేదు గాని, చెవులు మాత్రం ఎత్తారు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. నేను పుట్టి పెరిగింది నెల్లూరు జిల్లాలో. 1992 లో ఆ జిల్లాలోనే దూబగుంట అనే పల్లెలో, రాత్రిబడిలో అక్షరాలు దిద్దుకుంటున్న ఆడవాళ్లు సారా మీద పాఠం చదివి, ఆ చదువును పలక మీదే వుంచక, వూళ్లో సారా అమ్మకం సాగకుండా అడ్డం నిలబడ్డారు. ఆ సంగతి ఆ నోటా ఈ నోటా పడి రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషిద్ధమయింది. 1995 లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997 లో సడలిపోయింది. ఆ కథంతా మీకు తెలిసిందే. మద్యం అనగానే కొందరికి పాటలూ పద్యాలూ గుర్తొస్తాయేమో గాని, నాకు గుర్తొచ్చేది అడుగు కనబడుతున్న బియ్యపు డబ్బా. కూలి డబ్బులు దారిలోనే ఖర్చయిపోయిన ఇళ్లు నేను చూశాను.

"నేను తాగనే తల్లీ" అన్నాను.

"ఎవరు తాగమన్నారు? పుక్కిట పట్టి, రుచి తెలుసుకుని, ఉమ్మేస్తారు. అక్కడ అందరూ చేసేది అదే. కారు నడిపేదాన్ని, నేనూ అదే చేస్తాను" అన్నది. ఆ షరతు మీద బయల్దేరాం.

ముందు ఆ సీమ ఎలాంటిదో చెబుతాను. పేరు అల్జాస్. పడమటి పక్కన వోజ్ కొండలు, తూర్పు పక్కన రైను నది. నది దాటితే జర్మనీ. కొండల అడుగు వాలుల మీద, ఉత్తరాన మార్లెన్‌హైమ్ నుంచి దక్షిణాన తాన్ వరకూ ద్రాక్షతోటలు బారుగా వుంటాయి. వాటి మధ్యగా మెలికలు తిరుగుతూ పోయే 170 కిలోమీటర్ల దారికి 1953 లో "వైను బాట" అని పేరుపెట్టి, చూడవచ్చేవాళ్లకు తెరిచారు. పడమటి సముద్రం మీంచి వచ్చే మబ్బులన్నీ వోజ్ కొండల మీదే కురిసిపోతాయి. ఇవతలి పక్కకు తడి తక్కువ. నడుమనున్న కోల్మార్ పట్నంలో సాలుకు 600 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా కురుస్తుందంటే, ఫ్రాన్సు మొత్తం మీద వాన తక్కువ వూళ్లలో అదొకటి. మన అనంతపురానికి పడమటి కనుమలు చేసే పనే ఆ వూరికి వోజ్ కొండలు చేస్తున్నాయన్నమాట. వేరుశనక్కాయకు బెంగ గాని, ద్రాక్షకు ఆ పొడి గాలే హాయి.

ఇంకొక విశేషం. కొన్ని కోట్ల సంవత్సరాల కిందట వోజ్ కొండలూ, నదికి అవతల జర్మనీలో వున్న బ్లాక్ ఫారెస్టు కొండలూ ఒకటే కొండగా వుండేవట. నడుమ నేల కుంగిపోయి రైను లోయ అయింది. కుంగినప్పుడు కింద పొర పైకీ, పై పొర కిందికీ తారుమారై, కొండవార నేల పగిలిన పెంకుల పోగులాగా తయారయింది. ఒక చోట గ్రానైటు, రెండు ఫర్లాంగులు నడిస్తే సున్నపురాయి, ఆ పక్కన ఇసుకరాయి, ఇంకొక చోట బంకమన్ను, దక్షిణపు కొసన అగ్నిపర్వత శిల. ఇంత చిన్న సీమలో ఇన్ని రకాల మన్ను వుండటం చేత, ఒకే జాతి ద్రాక్ష పెట్టినా తోట తోటకూ రుచి మారుతుంది. మేము చూడబోయింది ఆ మార్పే.

మొదటి రోజు పొద్దున్నే మా మేనకోడలు మమ్మల్ని తీసుకుపోయింది, మీరు నమ్మరు, ఆసుపత్రికి! స్ట్రాస్‌బర్గ్ పెద్దాసుపత్రి కింద 1395 నాటి నేలమాళిగ వుంది. ఆ రోజుల్లో రోగులు వైద్యానికి బదులు తోటలూ పొలాలూ ఆసుపత్రికి రాసిచ్చేవారట. ఆ తోటల పంట దాచటానికి కట్టిన మాళిగ అది. ఇప్పటికీ ఆ సీమ రైతుల వైను అక్కడి పీపాల్లో పండుతుంది. ఒక మూల ఇనుప కటకటాల వెనక 1472 నాటి వైను వుంది. అయిదు వందల యాభై ఏళ్లకు పైబడిన వైను! ఇన్నేళ్లలో దాన్ని అతిథులకు పోసింది మూడేమూడు సార్లు: 1576 లో, 1718 లో, 1944 లో.

1576 నాటి కథ మీరు వినితీరాలి. స్విట్జర్లాండులోని జ్యూరిక్ వూరివాళ్లు, స్ట్రాస్‌బర్గ్ వారితో స్నేహం చెయ్యగోరి, "ఆపద వస్తే ఇంత దూరం నుంచి మీరేం ఆదుకుంటారు?" అన్న అనుమానం తీర్చటానికి, పెద్ద గంగాళంలో తృణధాన్యపు జావ వండి పడవలో పెట్టుకుని, తెల్లవారుజామున బయల్దేరి నదుల వెంట తెడ్లు వేసుకుంటూ ఒక్క రోజులో వచ్చి పడ్డారు. జావ ఇంకా వెచ్చగానే వుందట. "ఇది చల్లారేలోగా వస్తాం" అని చూపించటమన్నమాట. ఆ జావ తెచ్చినవారికి ఆ పాతవైను పోశారు. 1718 లో, కాలిపోయిన ఆసుపత్రిని తిరిగి కడుతూ శంకుస్థాపన చేసినప్పుడు పోశారు. 1944 లో, ఆ పట్నాన్ని జర్మన్ల చేతుల్లోంచి విడిపించిన లెక్లెర్క్ సేనానికి పోశారు. స్నేహానికి ఒకసారి, ఆసుపత్రికి ఒకసారి, స్వేచ్ఛకు ఒకసారి. ఇంత పొదుపుగా వాడుకున్న మద్యం ఇంకెక్కడైనా వుందేమో నాకు తెలియదు.

మధ్యాహ్నానికి ఆండ్లో అనే చిన్న వూరు చేరాం. అక్కడ కాస్టెల్‌బర్గ్ అనే నిట్టనిలువు కొండచరియ వుంది. నేలంతా నల్లగా, రేకులు రేకులుగా వూడివచ్చే రాయి. చేతిలోకి తీసుకుంటే మార్కాపురం పలక ముక్కలాగే వుంది. దాని మీద రీస్లింగ్ అనే తెల్లద్రాక్ష పండిస్తారు. ఆ రైతు ఇంటి ముంగిట బల్ల మీద గ్లాసులు పేర్చి, మధ్యలో ఒక మట్టికూజా పెట్టారు. ఆ కూజా ఏమిటో నాకు వెంటనే అర్థమయింది. మా తాతగారింట్లో మంచం పక్కన ఇత్తడి తమ్మపడిగ వుండేది. ఇదీ తమ్మపడిగే!

పద్ధతి ఇది. గ్లాసులో రెండు వేళ్ల మందాన పోస్తారు. ముందు రంగు చూడాలి. తరువాత గ్లాసును బల్ల మీదే గుండ్రంగా తిప్పి వాసన చూడాలి. అప్పుడు చిన్న గుక్క తీసుకుని, నోట్లో అన్ని పక్కలకూ తిప్పి, కాస్త గాలి పీల్చి, కూజాలో వుమ్మెయ్యాలి. పరాయి వాళ్లింట్లో, పది మందిలో, బల్ల మీదున్న పాత్రలో వుమ్మటమా! చిన్నప్పటినుంచీ ఎంగిలి, అంటు అని చెప్పించుకున్న ప్రాణం కదా, నా నోరు తెరుచుకోలేదు. చివరికి పమిట చెంగు అడ్డం పెట్టుకుని పని కానిచ్చాను. మావారు మాత్రం పుట్టినప్పటినుంచీ అదే పనిమీద వున్నట్టు తాపీగా వుమ్మి, జేబులోంచి చిన్న పుస్తకం తీసి "ఒకటి" అని రాసుకున్నారు. మూడు రోజులూ ఆ లెక్క ఆయనదే. చివరికి తేలింది ముప్ఫై.

రుచి ఎలా వుందంటారా? తియ్యగా వుంటుందనుకునేరు. లేదు. నిమ్మచెక్క నాలిక మీద గీసినట్టు పులుపు. ఆ వెనకాల తడిపిన పలక మీద బలపంతో రాసేటప్పుడు వచ్చే వాసన. ఆ రాయి వాసనే వైనులోకి దిగుతుందా అంటే, అలా కాదని శాస్త్రజ్ఞులు చెబుతారు. రాయికి రుచి లేదు. నీళ్లను ఎంత పట్టివుంచుతుంది, ఎండ వేడిని రాత్రి ఎంతసేపు దాచుకుంటుంది, వేరును ఎంత లోతుకు పోనిస్తుంది అన్నదాన్ని బట్టి పండు మారుతుందట. చెట్టు పడ్డ కష్టం పండులో తెలుస్తుందని మా మామగారనేవారు; ఆ మాటే.

రెండో రోజు కైజర్స్‌బర్గ్ వెళ్లాం. ఆఫ్రికా అడవుల్లో లాంబరెనె దగ్గర ఆసుపత్రి పెట్టి, 1952 నాటి నోబెల్ శాంతి బహుమతి అందుకున్న ఆల్బర్ట్ ష్వైట్జర్ పుట్టిన వూరు అది. ఆయన పుట్టిన 1875 నాటికి ఆ వూరు జర్మనీ కింద వుంది. అంతకు నాలుగేళ్ల కిందటే, 1871 లో, యుద్ధంలో ఓడి ఫ్రాన్సు ఆ సీమను వదులుకుంది. మొదటి ప్రపంచయుద్ధం రాగానే, ఆఫ్రికాలో ఫ్రెంచి వలసలో రోగులకు మందులిస్తున్న ఆ మహానుభావుణ్ణి, జర్మను పౌరుడన్న కారణాన ఫ్రెంచివాళ్లే నిర్బంధించారు. యుద్ధం ముగిశాక సీమ ఫ్రాన్సుకు తిరిగొచ్చింది, ఆయనా ఫ్రెంచి పౌరుడయ్యాడు. 1940 లో హిట్లరు సైన్యం వచ్చి మళ్లీ లాక్కుంది. 1945 కు మళ్లీ ఫ్రాన్సు. డెబ్భయ్యయిదేళ్లలో నాలుగుసార్లు జెండా మారింది. ఇల్లు కదలకుండా, పెరడు దాటకుండా నాలుగుసార్లు దేశం మారిన ముసలివాళ్లుండేవారన్నమాట.

ఆ వూరి పక్కనే ష్లోస్‌బర్గ్ అనే గ్రానైటు కొండ. రాళ్లు పేర్చి గట్లు కట్టి, మెట్లు మెట్లుగా తోట వేశారు. అల్జాస్‌లో "గ్రాం క్రూ", అంటే మేలిమి తోట, అన్న గుర్తింపు 1975 లో మొదట వచ్చింది దీనికే. ఇప్పుడు అటువంటివి 51 వున్నాయి. ప్రతిదానికీ పేరు వుంది, ఎల్లలు వున్నాయి. అక్కడా రీస్లింగే ఇచ్చారు. నిన్నటి చెట్టు జాతే. కాని నిన్నటి కరుకు లేదు. తేలిగ్గా, పూలవాసనతో, నోట్లో పడగానే పరుగెత్తిపోయింది. "ఇదీ అదీ ఒకటేనా?" అన్నాను. "పెద్దరసం, చిన్నరసం తేడా కాదత్తయ్యా, ఒకటే చిన్నరసాన్ని రెండు వూళ్లలో పాతినట్టు" అన్నది మా మేనకోడలు. దానికి బాగా తెలుసు నాకెలా చెప్పాలో.

అక్కణ్ణించి నాలుగు మైళ్ల లోపే మిట్టెల్‌వీర్. ఆ వూళ్లో ఒక గోడ చూపించింది. 1940 తరువాత జర్మన్లు ఫ్రెంచి మాటను, ఫ్రెంచి పేర్లను, చివరికి ఫ్రెంచి టోపీని కూడా నిషేధించారు. ఆ వూరివాళ్లు ఏమీ మాట్లాడలేదు. గోడ వెంట పూలమొక్కలు నాటారు. నీలం, తెలుపు, ఎరుపు. అంటే ఫ్రాన్సు జెండా రంగులు. పూలను ఎవరు నిషేధిస్తారు? కాని 1944-45 చలికాలంలో ఆ చుట్టుపట్ల జరిగిన ఘోరయుద్ధంలో మిట్టెల్‌వీర్, బెన్‌వీర్, సిగోల్స్‌హైమ్ నేలమట్టమయ్యాయి. ఈ రోజు పక్కనున్న రిక్‌వీర్‌లో నాలుగు వందల ఏళ్లనాటి రంగురంగుల చెక్కయిళ్లు చూసి మురిసి, ఈ వూళ్లలోకి రాగానే ఇళ్లన్నీ కొత్తగా వున్నాయేమిటని అడుగుతారు యాత్రికులు. కారణం అది.

ఆ వూళ్లలోనే ఒక ఇంట్లో మాకు రుచి చూపించింది ఎనభై దాటిన పెద్దావిడ. పేరు రాయను. కొడుకూ మనమలూ కోతల్లో వున్నారు. వచ్చినవాళ్లకు గ్లాసు అందించే పని ఆవిడది. మా మేనకోడలు అటూ ఇటూ మాట చేరవేసింది. ముందు గెవుర్ట్స్‌ట్రామినర్ పోసింది. ఆ పేరు పలకటానికి నాకు రెండు రోజులు పట్టింది గాని, వాసన చూడగానే గుర్తుపట్టాను. పెళ్లిపందిట్లో పన్నీరుబుడ్డి విదిలిస్తే వచ్చే గులాబివాసన, దాని వెనక లిచీపండు. ఇంత పరిమళం ద్రాక్షలోంచి వస్తుందని చెబితే నమ్మశక్యం కాదు.

"మీ దేశంలో ఆడవాళ్లు వైను తయారుచేస్తారా?" అని ఆవిడ అడిగింది.

దూబగుంట సంగతి చెప్పాను. తాగే మొగుళ్లు, తిండిలేని పిల్లలు, రాత్రిబడి, అన్నీ. మా మేనకోడలు ఫ్రెంచిలో చెబుతూ వుంటే ఆవిడ గ్లాసు కింద పెట్టి, చేతులు ఒళ్లో పెట్టుకుని విన్నది. విని చాలాసేపు వూరుకున్నది. తరువాత నెమ్మదిగా చెప్పుకొచ్చింది.

1942 ఆగస్టులో జర్మన్లు అల్జాస్ కుర్రవాళ్లను తమ సైన్యంలోకి బలవంతాన లాక్కుపోయారు. పక్కనున్న మోసెల్ సీమవాళ్లతో కలిపి సుమారు 1,30,000 మంది. రాకపోతే ఇంటిల్లిపాదినీ తరిమేస్తామన్నారు. "మా ఇష్టం లేకుండా పోయినవాళ్లం" అని వాళ్లకు ఇప్పటికీ పేరు. ఆవిడ తండ్రి, పినతండ్రి ఇద్దరూ అలా రష్యా సరిహద్దుకు పోయారు. "నాన్న రాలేదు. పినతండ్రి వచ్చాడు. రష్యాలో తాంబోవ్ ఖైదీల శిబిరం నుంచి వచ్చాడు. వచ్చి తాగాడు" అన్నది.

ఇల్లు కూలిపోయింది. తోటలో మందుపాతరలు. వాటిని ఏరి తీసేదాకా పాదం మోపటానికి వీల్లేదు. ఆ తరువాత వాళ్లమ్మ తీగలు మళ్లీ నాటింది. అంటుకట్టిన మొక్కలు. వెనకటికి 1860 ల నుంచి అమెరికా పురుగొకటి వచ్చి యూరపు ద్రాక్షవేళ్లన్నిటినీ తినేస్తే, అమెరికా వేరు మీద తమ కొమ్మను అంటుకట్టి బతికించుకున్నారు. ఇప్పటికీ అదే పద్ధతి. నాటిన తీగ కాపుకు రావటానికి మూడేళ్లు. ఆ మూడేళ్లూ కూలికి పోయింది. కాపు వచ్చాక, పీపాలు నిండాక, కొత్త భయం పట్టుకుంది. అమ్మి అప్పు తీర్చవలసిన సరుకు, ఇంట్లో తాగే మనిషి.

"అమ్మ నేలమాళిగ తాళంచెవి నడుముకు కట్టుకుని తిరిగేది. పడుకునేటప్పుడు కూడా. ఆయన ఏడ్చేవాడు, తిట్టేవాడు. అమ్మ ఇవ్వలేదు. భోజనం దగ్గర ఒక్క గ్లాసు తనే పోసేది. అంతే. మీ వూరి ఆడవాళ్లు మా అమ్మకు నచ్చేవారు" అన్నది.

నేను ఏమీ అనలేకపోయాను. బొడ్లో తాళంచెవి దోపుకున్న ఆడవాళ్లను నేను మా ఇళ్లలో చూశాను; బియ్యపు గదికి, నేతి జాడీకి. వేల మైళ్ల అవతల, వైను పండించే ఇంట్లో కూడా ఒక ఇల్లాలు అదే తాళంచెవితో అదే కాపలా కాసిందని వింటే, నాకు ఆ వూరు పరాయిదనిపించలేదు. మావారు ఆ ఇంట్లో పుస్తకం బయటికి తియ్యలేదు. ఆ పూట లెక్క తరువాత కారులో కూర్చుని గుర్తు చేసుకుని రాశారు.

సాయంత్రం సిగోల్స్‌హైమ్ పైనున్న గుట్ట ఎక్కాం. ఆ యుద్ధంలో పోయిన ఫ్రెంచి సేన సైనికుల సమాధులు, 1,500 కు పైగా, ద్రాక్షతోటల నడుమ వరసలుగా వున్నాయి. దగ్గరికి వెళ్లి చూస్తే చాలా రాళ్ల మీద శిలువ లేదు, నెలవంక వుంది. అల్జీరియా, మొరాకోల నుంచి వచ్చిన ముస్లిం సైనికులవి. జీవితంలో వైను ముట్టనివాళ్లు ఎందరో ఆ వైను కొండను విడిపించటానికి మంచులో ప్రాణాలిచ్చి, అక్కడే పడుకున్నారు. చుట్టూ తీగలకు పళ్లు వేలాడుతున్నాయి. కింద ట్రాక్టర్లు కోసిన పళ్లు తీసుకుపోతున్నాయి. ఒకప్పుడు కోతలు అక్టోబరులో జరిగేవనీ, వేడి పెరిగి ఇప్పుడు సెప్టెంబరులోనే మొదలుపెట్టవలసి వస్తున్నదనీ దారిలో ఒక రైతు చెప్పాడు.

మూడో రోజు కోల్మార్. న్యూయార్కు రేవులో నిలబడ్డ స్వేచ్ఛాదేవి విగ్రహాన్ని చెక్కిన బార్తోల్డి 1834 లో పుట్టింది ఈ వూళ్లోనే. ఆయనే చేసిన మరొక విగ్రహం వూరి మధ్య వుంది: ష్వెండి అనే పాతకాలపు సేనాని చేతిలో ద్రాక్షమొక్క ఎత్తిపట్టుకుని నిలబడ్డాడు. ఆయన హంగరీ యుద్ధం నుంచి టోకాయ్ ద్రాక్ష తెచ్చి ఇక్కడ నాటాడని కథ. ఆ కథ మీద ఒక రకం వైనుకు తరతరాలుగా టోకాయ్ అనే పేరు నడిచింది. తీరా చూస్తే ఆ ద్రాక్ష పినో గ్రీ. హంగరీ టోకాయ్ ద్రాక్షకూ దానికీ చుట్టరికమే లేదు! హంగరీ వాళ్లు మా పేరు మాకిమ్మన్నారు. 2007 నుంచి ఇక్కడ ఆ పేరు సీసా మీద వెయ్యకూడదు. సేనాని మాత్రం మొక్క దించలేదు.

ఆఖరు మజిలీ తాన్. వైను బాటకు దక్షిణపు కొస. రాంగెన్ అనే ఆ కొండ ఎంత నిటారుగా వుందంటే, కోసేవాళ్లు కాలు జారకుండా చూసుకోవటమే సగం పని. నేల అగ్నిపర్వత శిల, నల్లగా, ఎండకు పెనంలా కాలుతుంది. అక్కడి రీస్లింగ్ మూడో రకం. పులుపు వుంది, దాని మీద పొగచూరిన వాసన. దాలిలో కాగిన పాలకు వుంటుందే, అటువంటి పొగ. ఒక పండు, మూడు రోజులు, మూడు రాళ్లు, మూడు రుచులు. ఇక దాన్ని ఎవరూ నాకు విడమర్చి చెప్పనక్కరలేకపోయింది.

ఇది చదివి మీవారు, "చూశావా, ఫ్రెంచివాళ్లు తాగినా ఎంత నాగరికంగా వున్నారో!" అంటే, ఒక్క అంకె చెప్పండి. 2015 లో ఫ్రాన్సులో మద్యం మూలంగా పోయినవాళ్లు సుమారు 41,000 మంది అని వాళ్ల ప్రజారోగ్యశాఖే లెక్క తేల్చింది. 1991 లోనే చట్టం చేసి టెలివిజనులో, సినిమాహాళ్లలో మద్యం ప్రకటనలు మానిపించారు. రుచి తెలిసినంత మాత్రాన జబ్బు వదలదు. ఆ పెద్దావిడ పినతండ్రికి రుచి తెలియకనా?

నేను అక్కడ మెచ్చుకున్నది తాగటాన్ని కాదు. ఒక్కొక్క చెక్కకు పేరు పెట్టుకుని, దేశం మారినా, భాష మారినా, ఇల్లు కూలినా ఆ పేరు వదలకుండా మళ్లీ తీగ నాటిన ఓపికను. అల్జాస్ జెండాలు నాలుగుసార్లు మారాయి; కాస్టెల్‌బర్గ్, ష్లోస్‌బర్గ్, రాంగెన్ మాత్రం అవే. ఏ చెక్కలో పండిన పండు ఎలా వుంటుందో ఆ వూళ్లో పదేళ్ల పిల్లకు తెలుసు.

ఎప్పుడైనా వెళ్లేవారికి రెండు మాటలు. స్ట్రాస్‌బర్గ్ నుంచి కోల్మార్‌కు రైలులో అరగంట; అక్కడ దిగి చుట్టుపక్కల వూళ్లు చూడవచ్చు. పొద్దున ఏమీ తినకుండా రుచి చూడటానికి కూర్చోకండి. బాదంపప్పు గుచ్చిన కుగెల్‌హోఫ్ అనే రొట్టె హాయిగా వుంటుంది. మున్‌స్టర్ జున్ను మాత్రం ముక్కు మూసుకునే ధైర్యం వున్నవాళ్లకే. ఏమీ ముట్టనివాళ్లకు అడిగితే ద్రాక్షరసం ఇస్తారు, ఎవరూ చిన్నచూపు చూడరు. కూజాలో వుమ్మటానికి సిగ్గుపడకండి. కారు నడిపేవాళ్లయితే అసలు సిగ్గుపడకండి.

ఇక మీకొక పని. సువర్ణరేఖ, బంగినపల్లి, చెరుకురసం, కొత్తపల్లి కొబ్బరి, ఇవి అందరికీ తెలిసినవి. కాని మీ వూళ్లో ఫలానావారి దొడ్లో చెట్టుకు, ఫలానా గట్టు మీది చెట్టుకు విడిగా పేర్లు వుండేవి. అవి తెలిసినవాళ్లు మీ ఇళ్లలో ఇంకా వున్నారు. ఈ ఆదివారం మధ్యాహ్నం పక్కన కూర్చుని అడగండి. పేరు, చోటు, రుచి ఎలా వుండేదో ఒక కాగితం మీద రాసి నాకు పంపండి. మావారి చిన్నపుస్తకంలో ఇంకా సగం కాగితాలు ఖాళీగా వున్నాయి.